గాజు మీది బొట్టు

కోటేష్‌ను ఎవరైనా తెలివిగలవాడంటే సిగ్గుపడేవాడు. కానీ తాను చేసిన డబ్బాను చూసి “అబ్బ, ఇంత చిన్నదా!” అన్నారంటే చాలు, ముఖం చాటంత అయ్యేది. ఖానాపురం హవేలిలో కిరాయి గది తీసుకుని, తిండీ నిద్రా మాని చేసింది దానికోసమే మరి. లోపల ఒక చిన్న అద్దం గిర్రున తిరుగుతూ కంటికి కనబడని లేజర్ వెలుగును నేల పొడవునా చల్లుతుంది. ఆ వెలుగులోకి మనిషి అడుగుపెట్టాడా, ఎదురుగా ఉన్న మిషన్ టక్కున ఆగిపోవాలి. పని అంతే. చెప్పడం సులువే.

ఆ మిషన్ భద్రాచలం దారిలో, అడవి అంచున ఉన్న కర్ర మిల్లులో ఉంది. జామాయిల్ దుంగలను మింగి పేళ్లుగా ఉమ్ముతుంది. దాని నోటి దగ్గర కొక్కెం పట్టుకుని, అడ్డం పడ్డ దుంగలను సర్దేది కోటేష్ బావ లాలు. అక్క చాందికి ఆ మిషన్ అంటే చచ్చేంత భయం. తమ్ముడు ఇంజనీరు అయిన రోజే తండాలో అందరి ముందూ చెయ్యి పట్టుకుని అడిగింది.

“తమ్మీ, మీ బావ చేతులు సల్లగుండేటట్టు ఏదన్న జెయ్యి. మాకున్నయి ఆ చేతులే.”

మాటిచ్చాడు. మాటివ్వడానికేం, నోరుంటే చాలు.

బయటిదేశం నుంచి మిల్లువాళ్లు అంతకుముందే ఇలాంటి డబ్బా ఒకటి తెప్పించి చూశారు. అది పాలక్యానంత ఉండి, దుంగలను లోపలికి లాగే గొలుసు పక్కనున్న జానెడు సందులో పట్టలేదు. పైగా గాజు మీద రవ్వంత దుమ్ము పడినా అలిగి మిషన్ ఆపేసేది. కర్ర మిల్లులో దుమ్ము పడకుండా ఉంటుందా? సందులో పట్టాలి, ఊరికే ఆగకూడదు, అలాగైతేనే పెట్టుకుంటామన్నారు మేనేజర్లు.

కోటేష్ తల పట్టుకున్నాడు. పెద్ద డబ్బాలో గాజు శుభ్రంగా ఉందా లేదా అని కనిపెట్టుకుని ఉండే చిన్న దీపాల వరస ఒకటి ఉంటుంది. దాన్ని తీసేస్తే తన డబ్బా టిఫిన్ గిన్నెంత అయిపోతుంది. తీసేశాడు. గాజుకు ఆనుకుని ఏది కనబడినా అది దుమ్మేలే, పట్టించుకోకు అని ప్రోగ్రాములో రాసేశాడు. గుడ్డతో రోజూ తుడిస్తే సరిపోతుందనుకున్నాడు. తప్పని తెలియక కాదు, తెలిసే చేశాడు. సందులో పట్టాలి కదా!

పట్టింది. ఊరికే ఆగడమూ మానింది. మిల్లంతా మెచ్చుకుంది. మెకానిక్ భద్రయ్య డ్యూటీ ఎక్కగానే గాజు తుడిచి, తాను నిలబడే ఎడమవైపు నుంచి ఓ కర్ర ఊపి చూసేవాడు. మిషన్ ఆగేది. ఇంతకుముందు దుంగ ఇరుక్కుంటే లాలు కేకేసి కరెంటు తీయించేవాడు. ఆ అలవాటు మాన్పించింది కోటేషే.

“ఇంక ఎవల్నీ పిలవకు బావా. నువ్వు అడుగుపెట్టు, అదే ఆగుతది” అన్నాడు, కాలరెగరేయడం ఒక్కటే తక్కువ.

దసరాకు మిల్లులో ఆయుధ పూజ. మిషన్లన్నీ కడిగి, బంతిపూలు కట్టి, గుమ్మడికాయ కొట్టారు. కోటేష్ కూడా బస్సెక్కి వచ్చాడు. కొత్త డబ్బాకు బొట్టు ఎవరు పెట్టాలంటే అందరూ చాందినే ముందుకు తోశారు. తమ్ముడు చేసింది, మొగుణ్ణి కాచేది, ఇంకెవరు పెడతారు! చాంది వంగి, నల్లగా మెరుస్తున్న గాజునే ముఖమనుకుని రూపాయి బిళ్లంత మేర చిక్కగా పసుపు పూసి, నడుమ ఉంగరపు వేలితో కుంకుమ దిద్ది, రెండు చేతులా దండం పెట్టింది. కోటేష్‌కు కళ్లు చెమర్చాయి.

ఆ వెంటనే, గాజు మీది బొట్టు వెలుగుకు అడ్డమని కూడా గుర్తొచ్చింది. జేబులోంచి రుమాలు తీశాడు. చాంది ఆ రుమాలు వైపు చూసింది. ఆమె ముఖం తెల్లబోయింది. పండగపూట, మొగుడి కోసం ఆడపడుచు పెట్టిన బొట్టును తోడబుట్టినవాడు చెరుపుతాడా! కోటేష్ ఆ రుమాలుతో తన మెడ తుడుచుకున్నాడు. రేపు దుమ్ముతోపాటు భద్రయ్య తుడిచేస్తాడులే అని సర్దిచెప్పుకున్నాడు.

భద్రయ్య తుడిచాడు, రోజూ తుడిచాడు. బొట్టు చెరగకుండా, చుట్టూ, ఎంతో భక్తిగా తుడిచాడు. గాజు మీద రూపాయి బిళ్లంత మరక పడితే అవతల మనిషంత మేర చీకటే. ఆ చీకటి లాలు నిలబడే కుడివైపే పడింది. భద్రయ్య ఎడమ నుంచి కర్ర ఊపితే మిషన్ ఎప్పటిలాగే ఆగుతూ వచ్చింది.

పండగ వెళ్లిన వారంలోనే దుంగ ఇరుక్కుంది. లాలు ఎవరినీ పిలవలేదు. నేర్పినట్టే అడుగుపెట్టి, రెండు చేతులూ లోపలికి చాచాడు.

గొలుసు అతన్ని ఈడ్చుకుని ఎడమవైపు తెచ్చాక డబ్బా చూసి మిషన్ ఆపింది. ప్రాణం దక్కింది. మోచేతుల కింద ఏమీ దక్కలేదు. మిల్లువాళ్లు డబ్బా పీకేసి ‘జాగ్రత్త’ అని బోర్డు పెట్టారు.

భద్రాచలం దవాఖానాలో చాంది తమ్ముణ్ణి చూడగానే బావురుమంది. తిట్టలేదు, తిట్టినా బాగుండేది.

“నీ డబ్బా ఆపవట్టి మనిషన్న దక్కిండు తమ్మీ. నీ రుణం తీర్సుకోలేం.”

ఆ మాట కోటేష్ తట్టుకోలేకపోయాడు. అబద్ధం మీద వచ్చిన దండం మోయడం అతనివల్ల కాలేదు. అక్క కాళ్ల దగ్గర కూలబడి అంతా చెప్పేశాడు. గాజును కాచే దీపాలు తాను తీసేయడం, కేకెయ్యొద్దని బావకు తాను నేర్పడం, రుమాలు తీసి కూడా తాను తుడవకపోవడం. తప్పంతా నాదే, నాదే అని ఏడ్చాడు. అన్నీ చెప్పేస్తే తేలికపడతాననుకున్నాడు, పిచ్చివాడు.

చాంది అంతా విన్నది. తన కుడిచేతి ఉంగరపు వేలు చూసుకుంది.

“అయితే నా బొట్టేనా?” అంది.

కాదక్కా, నేను, నా డబ్బా, అని కోటేష్ మొత్తుకుంటూనే ఉన్నాడు. ఆమెకు ఇంకేమీ చెవికెక్కలేదు.

లాలును తండాకు తెచ్చాక కోటేష్ చూడబోయాడు. అన్నం వేళ. చాంది కంచంలో అన్నం పెట్టి, కూర వేసి, మొగుడి ముందుకు జరిపింది. కుడిచెయ్యి కొంగులో దాచుకుని, ముద్ద పెట్టమని అత్త మంగమ్మను పిలిచింది. మంగమ్మ అన్నం కలుపుతుంటే లాలు నోరు తెరిచి పెళ్లాం వైపే చూస్తున్నాడు. చాంది గోడ వైపు తిరిగి కూర్చుంది.