కాలికి కట్టిన నీళ్ళు

మా ఆయన పోయాక, తల నెరిశాక నేను అక్షరాలు దిద్దుకున్నాను. రాతలో తప్పులు దొర్లితే దయచేసి సర్దుకుని చదవండి. నా చేయి నిదానం, కథ కూడా దాని వెనకాలే నడుస్తుంది.

ఆ ఏడు ఎండలు ముదిరేసరికి మతగల్పా ఊరి ఆసుపత్రిలో కుళాయిలు తెల్లవారుజామున కాసేపు దగ్గి, తర్వాత రోజంతా నోరు మూసుకునేవి. ఎముకల వార్డు గుమ్మం దగ్గరున్న నీళ్ళ పీపా పొద్దెక్కకముందే అడుగంటేది. ఆ వార్డులో కిటికీ పక్క మంచం మీద త్రాన్సితో రుగామా వెల్లకిలా పడి ఉన్నాడు. ఇళ్ళకు పెంకులు నేసే మనిషి. చర్చి కప్పు మీంచి జారి తొడ ఎముక విరగ్గొట్టుకున్నాడు. మోకాలి కింద ఎముకలోంచి ఇనుప చువ్వ దూర్చి, దానికి తాడు కట్టి, మంచం చివరి గిలక మీదుగా కిందికి వదిలారు. తాడు కొసన కట్టడానికి ఇనుప దిమ్మలు ఆ వార్డులో ఎప్పుడో కరువయ్యాయి. అందుకని ఖాళీ నూనె డబ్బాలు కడిగి, నీళ్ళు నింపి వేలాడదీసేవారు.

విరిగిన ఎముక కొసలు ఒకదాని మీదికొకటి ఎక్కి కూర్చున్నాయి. అవి దిగితే, గురువారం రాజధాని మనాగ్వా నుంచి వచ్చే పెద్ద సర్జను లోపల రేకు వేసి బిగిస్తాడు. దిగకపోతే ఆ వంతు ఇంకొకరిది. ఎక్కిన ఎముక అలాగే అతుక్కుపోతే కాలు పొట్టిదవుతుంది. పొట్టికాలివాడు నిచ్చెన ఎక్కలేడు. ఈ మాట వార్డు డాక్టరు అల్తమిరానో మొగుడికీ పెళ్ళానికీ ఇద్దరికీ చెప్పాడు.

పెళ్ళాం పేరు నికొలాసా. రాత్రిళ్ళు మంచం పక్కనే నేలమీద నడుం వాల్చేది. పగలంతా ఈగలు తోలడం, చట్టి పెట్టడం, తీయడం, ఆసుపత్రి పెట్టే అన్నం చిక్కుడుగింజలు నోటికందించడం. ఎప్పుడు నిద్రపోయిందో, ఎప్పుడు లేచిందో ఆమెకే తెలిసేది కాదు. కళ్ళు తెరిచి ఉన్నా లోపల మనిషి లేనట్టు కూర్చునేది.

త్రాన్సితోకి రోజుకి రెండు స్నానాలు పడకపోతే తోచదు.

"ఏమే కొలాసా, నా కంపు నాకే భరించరానట్టుంది. మేకలు కూడా నా పక్కన పడుకోవు."

"ఇక్కడున్న మేకని నేనొక్కదాన్నేగా, పడుకోవట్లేదా?"

"పాపం, నీకు వేరే దిక్కులేక," అని పక్క మంచంలోంచి ఫిలెమోన్ అందుకున్నాడు. తుంటి విరిగిన ముసలాయన, నోరు మాత్రం గట్టిది.

నికొలాసా గుడ్డ పట్టుకుని పీపా దగ్గరికి వెళ్తే అడుగున మడ్డి తప్ప ఏం లేదు. తిరిగొచ్చి చూస్తే మంచం చివర డబ్బాల నిండా తేట నీళ్ళు. తాడు గిలక మీంచి ఎగిరిపోకుండా ఆ డబ్బాలు కట్టారనుకుంది ఆమె. ఊరికే వేలాడే నీళ్ళే కదా అని మూత తీసి, కప్పులోకి వంపుకుంది. మెడ నుంచి పాదాల దాకా తుడిచింది.

త్రాన్సితో పెద్ద నిట్టూర్పు విడిచాడు. "నీ చేతిలో ఏదో ఉందే. కాలు సలుపు సగం తగ్గింది."

ఆ మాటతో ఆమెకు ప్రాణం లేచొచ్చింది. మర్నాడూ తుడిచింది. ఆ మర్నాడు ఇంకాస్త ఎక్కువ వంపుకుంది. తెల్లారి కుళాయి వచ్చినప్పుడు ఆయా ఎయుదోసియా డబ్బాలు మళ్ళీ నింపేది. "డబ్బాలు కూడా తాగుబోతులైపోయాయి, మా ఇంట్లోవాడిలాగా," అని గొణుక్కుంటూ పోయేది. ఆమెకి చూసుకోవలసిన మంచాలు వరసగా ఉన్నాయి, ఆగి ఆలోచించే తీరిక ఎక్కడిది?

డాక్టరు టేపు పెట్టి రెండు కాళ్ళూ కొలిచాడు. విరిగింది అంగుళమైనా దిగలేదు. "ఇంకో డబ్బా కట్టండి," అన్నాడు. త్రాన్సితో పళ్ళు బిగబట్టాడు. నికొలాసాకి మాత్రం ఇంకో డబ్బా నీళ్ళు దొరికాయి.

బుధవారం మధ్యాహ్నం డాక్టరు చివరిసారి కొలిచాడు. ముందురోజు నుంచి డ్యూటీలో ఉన్నట్టున్నాడు, మాట ముద్దముద్దగా వస్తోంది.

"రేపటి వంతు ఫిలెమోన్‌గారికి ఇస్తున్నాం. ఏం చెయ్యమంటారు? ఇంత బరువుకి ఎద్దు కాలైనా సాగాలి."

త్రాన్సితో గోడవైపు మొహం తిప్పుకున్నాడు.

"ఏ బరువు, డాక్టరుగారూ?" అంది నికొలాసా.

"అదే అమ్మా, ఆ నీళ్ళు. ఆ నీళ్ళేగా కాలిని లాగేది."

ఆమె చేతిలో తడిగుడ్డ అలాగే ఉండిపోయింది. వంతు ఎలాగూ పోయింది. నోరు మెదపకపోతే ఎవరికీ తెలియదు. కానీ డాక్టరు రేపు ఇంకో డబ్బా కట్టిస్తాడు, ఎల్లుండి ఇంకోటి. ఎముకదే తప్పనుకుంటాడు.

"నేనే తీశాను," అంది. "రోజూ. ఆయన ఒళ్ళు తుడవడానికి."

డాక్టరు కోప్పడలేదు. కోప్పడే ఓపిక అతనికి లేదు. మంచం అంచున కూలబడి రెండు చేతుల్తో మొహం రుద్దుకున్నాడు.

"ఎవరూ చెప్పలేదా అమ్మా నీకు?"

"ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు."

"సరే. వచ్చే గురువారం దాకా గడువుంది. ఆ తర్వాత ఎముక మన మాట వినదు. చుక్క కూడా తీయకు."

మర్నాడు ఫిలెమోన్‌ని తోపుడు మంచం మీద తీసుకుపోయారు. పోతూ పోతూ, "స్నానం చేసిన పుణ్యం నీది, ఆపరేషన్ పుణ్యం నాది," అన్నాడు.

ఇప్పుడు డబ్బాలు రాత్రింబవళ్ళు నిండుగా వేలాడుతున్నాయి. తొడ కండరం మెలిపెట్టినప్పుడల్లా త్రాన్సితో కేక వార్డంతా వినిపించేది.

"కొలాసా, ఒక్క కప్పు. ఒక్కటంటే ఒక్కటే తియ్యవే."

"తియ్యను."

"రాతిగుండె ముండా! నామీద జాలి లేదూ?"

"బోలెడు ఉంది. ఆ జాలే నీ కాలిని ఇంత చేసింది."

అతను తిట్టాడు, ఆమె పుట్టింటివాళ్ళని కూడా వదలకుండా తిట్టాడు. తిట్టే ఓపిక పోయాక ఏడ్చాడు. నికొలాసా చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది, అవి తమంతట తామే మూత తీస్తాయేమోనని. ఎదుటి మంచం తాలూకు ఆడమనిషి బిడ్డ మొహం కడగడానికి గ్లాసు పట్టుకుని వస్తే, "అటు పో తల్లీ, ఇవి నీళ్ళు కావు," అని పంపేసింది. తర్వాత పిలిచి, కారణం విడమరిచి చెప్పింది. ఆ మనిషి పోయి పక్క మంచం వాళ్ళకి చెప్పింది.

నాలుగు రోజులు త్రాన్సితో ఆమెతో మాట్లాడలేదు. ఆమె పెట్టింది తిన్నాడు, అంతే. మురికి పట్టి, గడ్డం పెరిగి, మనిషి గుర్తుపట్టరాకుండా అయ్యాడు.

మళ్ళీ బుధవారం వచ్చాక డాక్టరు టేపు తీశాడు. ఒకసారి కొలిచాడు. నమ్మకం చాలక మళ్ళీ కొలిచాడు. మడమలు రెండూ పక్కపక్కన పెట్టి చూశాడు.

"గోరంత తేడా. అది పెద్ద సర్జను సర్దేస్తాడు. రేపు పొద్దున్నే ఏమీ తినకండి," అని చెప్పి పక్క మంచానికి వెళ్ళిపోయాడు.

త్రాన్సితో వార్డు పైకప్పువైపు చూశాడు. ఆ కప్పుకి ఒకచోట పెంకు పక్కకి జరిగి ఉంది, దాన్ని చూసి పెదవి విరిచాడు. ఆ తర్వాత గొంతు సవరించుకున్నాడు.

"ఏమే, విన్నావా? దిగిందంట."

తల వంచి చూశాడు. నికొలాసా గోడకి చేరగిలబడి, నోరు తెరుచుకుని నిద్రపోతోంది. లేపుదామని చెయ్యి చాచాడు. తాడు కదిలి తొడ కలుక్కుమంది. కేక బయటికి రాకుండా దిండు అంచు పళ్ళ మధ్య పెట్టుకుని, ఆమెని అలాగే నిద్రపోనిచ్చాడు.

ఇది రాసింది ఎర్మీందా ఒబాందో, డెబ్బై మూడేళ్ళు. ఇప్పుడు ఎస్తెలీలో, మా చెల్లెలి ఇంట్లో ఉంటున్నాను.