నిన్న నింపిన లోడర్లు

జెబమలర్ కుడి బొటనవేలు మూడు నెలలుగా ఆమె మాట వినడం లేదు. పొద్దున లేచేసరికి లోపలికి మడత పడి ఉంటుంది. ఎడమచేత్తో పట్టి లాగితే టక్కుమని తెరుచుకుంటుంది, ఆ టక్కుతోపాటు మోచేతిదాకా నొప్పి పాకుతుంది. వేడినీళ్లలో పెడితే కాసేపు బుద్ధిగా ఉండి, పనిలోకి వెళ్లగానే మళ్లీ మొండికేస్తుంది. ఆసుపత్రిలో డాక్టరమ్మ చూసి ఆ చేత్తో ఏదీ తిప్పకూడదంది. ఏదీ తిప్పకుండా బతికే ఉద్యోగం ఏదైనా ఉంటే అదీ మందుల చీటీలోనే రాసి ఇవ్వమని అడగాలనిపించింది జెబమలర్‌కు. అడగలేదు. ఆమె ఉద్యోగమే తిప్పడం.

పోదనూరు దాటాక, రైలు కట్ట పక్కనున్న కొబ్బరి తోపులో దినకరన్ పెయింట్‌బాల్ మైదానం పెట్టాడు. కోయంబత్తూరు కంపెనీల వాళ్లు సెలవు రోజుల్లో వచ్చి, ముఖాలకు మాస్కులు తగిలించుకుని, రంగు గుండ్లతో ఒకరినొకరు కాల్చుకుని, హాయిగా ఇళ్లకు పోతుంటారు. వారమంతా ఒకే గదిలో కూర్చుని పనిచేసేవాళ్లకు ఒకరినొకరు కాల్చుకోవాలని ఉండడంలో ఆశ్చర్యమేమీ లేదు. ఆ తుపాకులకు గుండ్లు అందించే లోడర్లు నింపడం జెబమలర్ పని.

దినకరన్ తెచ్చినవి బ్యాటరీ అక్కర్లేని రకం. చెంబంత డబ్బా, లోపల చుట్టలు తిరిగిన దారి, అడుగున ఒక చక్రం. పైన గరాటు పెట్టి గుండ్లు పోసి చక్రం తిప్పుతుంటే, అవి ఒకదాని వెనక ఒకటి దారిలోకి దిగుతాయి, వాటితోపాటు స్ప్రింగు బిగుస్తూ పోతుంది. నిండాక మూతి దగ్గర గొళ్లెం వేయాలి. తుపాకికి తగిలించి గొళ్లెం తీస్తే, స్ప్రింగు గుండ్లను ముందుకు తోస్తూనే ఉంటుంది. గలగలమని చప్పుడు చేయదు, తలకిందులుగా పట్టుకున్నా ఆగదు. మొదటి పది తిప్పులు పిల్లలైనా తిప్పుతారు. చివరి పదికే పళ్లు బిగబట్టాలి. డబ్బాలో ఉన్న ఆ బలమంతా ఎవరి వేలిలోంచి వెళ్లిందో ఆడేవాళ్లకు తెలియదు, తెలియాల్సిన పనీ లేదు.

ఒక్కటే కట్టుదిట్టం. నింపిన లోడరును మర్నాటిదాకా ఉంచకూడదు. గుండు పైపొర మందు క్యాప్సూల్‌లా మెత్తనిది. స్ప్రింగు నొక్కుడుకూ తోపులోని ఉక్కకూ అది కోడిగుడ్డులా సాగిపోతుంది. ఆటగాళ్లు వచ్చాకే నింపాలి. మిగిలిపోతే సాయంత్రం గొళ్లెం తీసి, చక్రాన్ని చేతిలోనే పట్టుకుని మెల్లగా వదులుతూ ఖాళీ చేయాలి. పనిలో చేరిన రోజునే దినకరన్ ఈ మాట మూడుసార్లు చెప్పాడు.

ఆమెకు ఆ పని దొరకడానికి తెలుగే కారణం. ఇరవై రెండేళ్లు సైడు, అంటే నూలు వడికే యంత్రంలో ఒక పక్క వరస, చూసుకున్న మిల్లు మూతపడ్డాక, ఆమె తోపు గేటు దగ్గరికి వచ్చి కావలివాడితో తమిళంలో మాట్లాడి, వాడి మీద విసుగును తనలో తాను తెలుగులో గొణుక్కుంది. అది దినకరన్ చెవిన పడింది. అతని తాత రత్నసభాపతి పొలంలో జెబమలర్ వాళ్ల అవ్వ కలుపు తీసేది. వాళ్లు భూములవాళ్లు, వీళ్లు ఆ భూముల్లో కూలివాళ్లు. అక్కడ గుడి, ఇక్కడ చర్చి. కానీ రెండిళ్లలోనూ ఎన్ని తరాలనుంచో తెలుగే. తెలుగులో ఒక్క అక్షరం చదవడం మాత్రం రెండిళ్లలో ఎవరికీ రాదు. 'మనాళ్లు' అన్నాడు దినకరన్, ఆ రోజే పనిలో పెట్టుకున్నాడు.

మనవాళ్లంటే ఎందుకు పనికొచ్చే మనవాళ్లో జెబమలర్‌కు వారంలోనే అర్థమైంది. వచ్చేవాళ్లతో తమిళమూ ఇంగ్లీషూ, వాళ్ల ఎదుటే వాళ్లకు తెలియకూడని మాటలన్నీ తెలుగు. ఆ లావాటాయనకు నలిగిన మాస్కు ఇవ్వు, ఈవిడ గొడవపెట్టుకునే రకం, ఆ డబ్బా పాతది పక్కన పెట్టు. మొహం మీద నవ్వు చెదరకుండా తెలుగులో తిట్టడం దినకరన్‌కు వెన్నతో పెట్టిన విద్య. జెబమలర్ కూడా నవ్వుతూనే జవాబు చెప్పడం నేర్చుకుంది. నిజం చెప్పాలంటే ఆమెకు అది ఇష్టంగానే ఉండేది. అంతమంది మధ్య యజమానికీ తనకూ మాత్రమే తెలిసిన మాట ఒకటి ఉండడం చిన్న సంగతి కాదు.

ఇక వేలి సంగతి. దాన్ని ఆమె ఎవరికీ చెప్పలేదు. కూతురు తేన్మొళి మదురైలో నర్సు చదువుతోంది, ఇంకొక్క సంవత్సరం ఉంది. ఆ ఒక్క సంవత్సరం వేలు లాక్కొస్తే చాలు, ఆపైన దాన్ని కోసి పారేసినా ఫరవాలేదని జెబమలర్ లెక్క. దినకరన్‌కు తెలిస్తే వేరే చేతులు వెతుక్కుంటాడు. భర్త ఇరుళప్పన్ ఉండి ఉంటే అతనికైనా చెప్పుకునేదేమో. అతను పోయి ఆరేళ్లు.

శనివారం పొద్దున ముప్పై మంది వస్తారని కబురు. మనిషికి రెండు చొప్పున అరవై లోడర్లు. ఒక్క పొద్దులో అరవై తిప్పడం తన వల్ల కాదని జెబమలర్‌కు శుక్రవారమే తెలుసు. అప్పుడు మిల్లు బుద్ధి పనిచేసింది. మిల్లులో ఒక షిఫ్టు దిగేవాళ్లు తరువాతి షిఫ్టుకు కావలసినవన్నీ అమర్చి పెట్టి దిగాలి. ఉత్త చేతులతో సైడు అప్పగించి పోయే మనిషికి అక్కడ మర్యాద లేదు. శుక్రవారం నాలుగింటికే కూర్చుని నలభై నింపింది. ఒక్క పూటేగా, నీడలో పెడితే ఏమవుతుందిలే అనుకుని తడి గోనెపట్టా కప్పింది. దినకరన్ మాట మరిచిపోలేదు. వేలూ ఆ మాటా రెండిట్లో ఏదో ఒకటి తప్పాలి కదా, మాట తప్పింది.

శనివారం ఆట మొదలైన పది నిమిషాలకే తుపాకులు మూగబోయాయి. గుండ్లు సాగి, ఒకదానికొకటి అతుక్కుని, లోడరు మెడలో ఇరుక్కున్నాయి. గట్టిగా తట్టినవాళ్ల చేతుల్లోనే పగిలి పసుపు రంగు మోచేతులదాకా కారింది. అందరూ లోడర్లు నింపే షెడ్డు దగ్గరికి వచ్చి, మాస్కులు పైకెత్తి, జెబమలర్ బల్ల చుట్టూ నిలబడ్డారు. దినకరన్ నవ్వుతూ వచ్చాడు. ఒక లోడరు తీసుకుని మూతిలోకి చూశాడు. నవ్వు అలాగే ఉంది.

"మలరక్కా, నిజం చెప్పు. ఇవి ఎప్పుడు నింపితివి?"

ఆమె కూడా నవ్వింది, అలవాటు కొద్దీ. "నిన్న సాయంత్రం, సామీ. నలభై."

"ఏంటికి? నేను వొద్దని చెప్పలేదా?"

జెబమలర్ అలసిపోయింది. మూడు నెలలు దాచిన బరువు మోయలేక కాబోలు, ఇంతమందిలో ఒక్కడికే అర్థమవుతుందన్న ధైర్యంతో కాబోలు, అంతా చెప్పేసింది. "బొటనేలు పట్టుకొనిండాది సామీ. మూడు నెలలాయె. ఒక్క పొద్దులో అరవై తిప్పేదానికి చెయ్యి రాలేదు. చెప్తే వేరే ఆళ్లను పెట్టుకుంటావని బయపడితిని. తేనుకు ఇంగొక్క సంవత్సరం సదువు ఉండాది."

దినకరన్ నవ్వు ఇంకాస్త వెడల్పయింది. "సరి, ఇప్పుడు నోరు మూసుకొని ఉండు. వీళ్లు తుపాకి పట్టుకునేది తెలియక చెడగొట్టిరని నేను చెప్తా."

"మేమేం చెడగొట్టలేదండీ" అంది వాళ్లలో ఒకమ్మాయి.

తెలుగు. ఎక్కడో ఒంగోలు వైపు తెలుగు. షెడ్డులో ఒక్కసారిగా ఎవరి నవ్వూ మిగల్లేదు. ఆ అమ్మాయి పేరు చారులత. ఉద్యోగానికని కోయంబత్తూరు వచ్చి నాలుగు నెలలైంది. ఈ ఊళ్లో తెలుగు వినిపిస్తుందని ఆమెకూ తెలియదు, ఇలాంటి మాటలకోసం వినిపిస్తుందని అసలే తెలియదు. పసుపు రంగు కారుతున్న చేతులతో బల్ల దగ్గరికి వచ్చి, "అమ్మా, మీ చెయ్యి ఒకసారి చూపించండి" అంది.

జెబమలర్ చెయ్యి చూపించలేదు, చూపించాలని కూడా తోచలేదు. ఆమె చెవిలో 'మీ' దగ్గరే మాట ఆగిపోయింది. యాభై ఏళ్లలో తెలుగులో ఎవరూ ఆమెను మీరనలేదు. అవ్వను అనలేదు, అమ్మను అనలేదు. తమ తెలుగులో అలాంటి మాట తమకోసం ఉంటుందని ఆమె ఏనాడూ అనుకోలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి, రంగు పడిందన్నట్టు చీర చెంగుతో ఒత్తుకుంది.

ఆ తరువాత గంటసేపు జరిగింది పండగే. చారులత తన వాళ్లకు ఇంగ్లీషులో ఏదో చెప్పింది, ముప్పై మందీ తామే నింపుకుందామని ఎవరి లోడర్లు వాళ్లు తీసుకున్నారు. జెబమలర్ కుర్చీలో కూర్చుని నేర్పింది. పాతవి ఖాళీ చేసేటప్పుడు చక్రం వదలకూడదంది. ఒకాయన వదిలేశాడు, గుండ్లన్నీ షెడ్డు కప్పుకు కొట్టుకుని అందరి నెత్తినా రాలాయి. మిల్లులో కొత్తవాళ్లను మందలించినట్టే అతణ్ణి మందలించింది, అతను చెవులు పట్టుకున్నాడు. మెడ తుడిచి ఆరబెట్టాలి, గరాటులో గుండ్లు తక్కువ కాకూడదు, చివరి పది తిప్పులకు మణికట్టును వాడాలి, వేలిని కాదు. చెబుతుంటేనే తెలిసింది, ఇన్నాళ్లూ తాను వేలినే వాడుతున్నానని. దినకరన్ మొదట దూరంగా నిలబడ్డాడు. వాళ్ల నవ్వులు విని దగ్గరికి వచ్చి ఫోనుతో వీడియో తీయడం మొదలుపెట్టాడు. జెబమలర్ చెంగు సర్దుకుని, వంగిన వేలు కనబడకుండా చెయ్యి తిప్పి పెట్టింది.

ఆట మళ్లీ సాగింది, ఒక్క తుపాకీ మూగబోలేదు. వెళ్లేటప్పుడు చారులత దినకరన్‌తో, అన్నిటికంటే లోడర్లు నింపుకోవడమే సరదాగా ఉందనీ, ఇకమీదట అందరిచేతా ఇలాగే చేయిస్తే ఆ అమ్మకు శ్రమ తప్పుతుందనీ చెప్పింది. మంచి మనసుతోనే చెప్పింది. జెబమలర్‌కు దండం పెట్టి, వేలు జాగ్రత్తండీ అని బస్సెక్కింది.

నాలుగున్నరకు తోపు ఖాళీ అయింది. రైలు ఒకటి పాలక్కాడు వైపు పోయింది. జెబమలర్ మాస్కులు కడిగి తీగ మీద ఆరవేస్తుంటే దినకరన్ వచ్చాడు. కోపంగా లేడు. కోపంగా ఉంటే బాగుండేదని ఆమెకు తరువాత అనిపించింది. అతను తమిళంలో మాట్లాడాడు. వచ్చే వారం నుంచి ఆడేవాళ్లే లోడర్లు నింపుకుంటారట, అది కూడా ఆటలో భాగమేనట. నేర్పడానికి తానుంటానని జెబమలర్ అనబోయింది. దానికి మనిషి అక్కర్లేదన్నాడు, షెడ్డులో టీవీ పెట్టి పొద్దున తీసిన వీడియో వేస్తాడట. ఆమె మాటలు తీసేసి తమిళంలో, ఇంగ్లీషులో ఇంకెవరిచేతనైనా చెప్పిస్తాడట. చేతులు మాత్రం చాలా బాగా పడ్డాయట. చెయ్యి బాగాలేదు కాబట్టి ఇంటి దగ్గర విశ్రాంతి తీసుకోమన్నాడు, గౌరవంగా, తమిళంలో ఎదుటి మనిషిని మీరనే పద్ధతిలోనే.

జెబమలర్ చేతిలోని మాస్కును తీగ మీద వేసింది. పొద్దున్నుంచి ఎన్ని గంటలు నిలబడిందో ఇప్పుడు కాళ్లకు గుర్తొచ్చింది. బల్ల మీద ఎవరూ వాడని లోడరు ఒకటి నిండుగా మిగిలిపోయి ఉంది. కుర్చీలో కూర్చుని దాన్ని ఒళ్లో పెట్టుకుని, గొళ్లెం తీసి, చక్రాన్ని కొంచెం కొంచెంగా వదలసాగింది. గుండ్లు ఒక్కొక్కటే బక్కెట్టులో పడుతున్నాయి. వేలు మంటపెడుతోంది. రేపటికి దీన్ని ఇలాగే వదిలేసి పోయినా ఆమెను అడిగేవాళ్లు లేరు. అయినా చివరి గుండు పడేదాకా వదల్లేదు.

దినకరన్ తాళాలు పట్టుకుని గుమ్మంలో ఎదురుచూస్తున్నాడు. ఆమె లేచి, ఖాళీ డబ్బాను వరసలో పెట్టి, అతని ముందునుంచి పోతూ ఆగింది.

"తెలుగులోనే చెప్పుండచ్చు కదా, సామీ" అంది. "ఇప్పుడిక్కడ ఎవురూ లేరు."

దినకరన్ తల వంచుకుని గుత్తిలో షెడ్డు తాళంచెవి ఏదో వెతుక్కుంటున్నాడు. ఆమె గేటు దాటేదాకా అది దొరకలేదు.