రంగు పోయిన అంచు

సోమవారం పొద్దున మేం షెడ్డులో అడుగుపెట్టేసరికి బల్లకి పళ్ళు మొలిచి ఉన్నాయి.

పాత సీసాలు కడిగే షెడ్డు మాది. ఈ చివర నుంచి ఆ చివరకి పొత్తికడుపు ఎత్తున ఒకటే ఇనప బల్ల. పొద్దస్తమానం నీళ్ళలో నిలబడి, బ్రష్షు దూర్చి సీసాలు కడగడమే పని. ఆ బల్ల అంచు పొడుగునా రంపంలాంటి పట్టీ వెల్డింగు చేయించాడు యజమాని.

"బల్లకి ఆనుకుని కునుకు తీస్తున్నారంట," మేస్త్రీ నవ్వాడు. "ఇప్పుడు ఆనుకోండమ్మా, చూద్దాం!"

నేను కునుకు తీయలేదు. పొత్తికడుపులో నొప్పి లేచినప్పుడల్లా ఆ చల్లటి అంచుకి అదిమి పట్టేదాన్ని. లోపలి నొప్పిని బయటి నొప్పితో నొక్కేయడం, అంతే. ఆనీ ఆనీ నా చోట ఆకుపచ్చ రంగు ఊడిపోయి ఇనుము మెరిసేది. ఎవరి కంటా పడకుండా దానిమీద తడిగుడ్డ వేసేదాన్ని. ఏ తప్పుకి నాకీ శిక్ష అని పడుకున్నాక వెతుక్కునేదాన్ని. కారణం దొరక్కపోతే మనసు ఊరుకోదు. ఒక నేరాన్ని పుట్టించుకుని దాన్ని తనమీదే మోపుకుంటుంది.

ఆ పొద్దున మాత్రం బల్ల మీద గుడ్డలన్నీ తీసేసి ఉన్నాయి. పళ్ళ వెనక, ప్రతి మనిషి నిలబడే చోటా, అరచేయంత మేర రంగు లేదు. నా చోట లేదు. నా పక్కన పిన్ని చోట లేదు. ఆ చివరి దాకా ఎక్కడా లేదు. ఇన్నాళ్ళూ ఒకరి గుడ్డ ఒకరం చూసుకుంటూనే ఉన్నాం, ఉత్త గుడ్డ అనుకున్నాం.

మా నొప్పి అందరిదీ అని మాకంటే ముందు యజమాని కనిపెట్టాడు. కనిపెట్టి దానికి పళ్ళు పెట్టించాడు.

మధ్యాహ్నం అన్నాల వేళ ఖాళీ పెట్టెల వెనక చేరాం. బండక్క, పెట్టెలు మోసే మనిషి, అందుకుంది.

"అయితే మీరంతా కునుకు తీసేవాళ్ళేనన్నమాట! నేనొక్కదాన్నే దొంగననుకున్నానే."

నవ్వు పుట్టింది. ఆ నవ్వుతో కట్ట తెగింది.

"ఒంటికి వెళితే మంట. మరుగుదొడ్డి తాళంచెవి మేస్త్రీ మొలలో. రోజుకి ఒక్కసారి తీస్తాడు. నీళ్ళు తాగడమే మానేశాను."

"నేను కన్న నెలకే పెట్టెలెత్తాను. ఏదో కిందకి జారుతున్నట్టుంటుంది."

"మొగుడు ముట్టుకుంటే కత్తి దిగినట్టుంటుంది. వద్దంటే నీకెవడో ఉన్నాడంటాడు."

"ఉన్నాడా ఏంటి?"

"ఉంటే వాడికీ ఇదే చెప్పాలి కదే!"

మేం ఆయమ్మ అని పిలిచే ఆవిడ మాత్రం నవ్వలేదు. ఒకప్పుడు ఆడవాళ్ళ ఆస్పత్రిలో ఆయాగా చేసింది. "నేను డాక్టర్ని కాను. కానీ ఇది ఒక జబ్బు కాదు. ఆపుకుంటే వచ్చేది వేరు, గర్భసంచి జారడం వేరు, లోపల గడ్డ వేరు. ఎవరు ఒంట్లో బాలేదన్నా మేస్త్రీ ఒకటే బిళ్ళ ఇస్తున్నాడు. నెలల తరబడి ఉండే నొప్పి ఓర్చుకునేది కాదు, చూపించుకునేది."

"అయితే అడుగుదాం," అంది బండక్క. "తాళం తీయాలి. కూర్చోడానికి పీటలెయ్యాలి. లేడీ డాక్టరొచ్చి ఒక్కొక్కరినీ చూడాలి."

పిన్ని లేచి నిలబడింది. నన్ను పన్లో పెట్టింది ఆవిడే. "నోరు మూసుకోండే. ఆడపుట్టుక పుట్టాక కడుపులో నొప్పి ఉండదా? రేపు పని పోతే పొయ్యి మీ నొప్పి వెలిగిస్తుందా?"

"పిన్నీ, నీకు మాత్రం లేదా?"

"లేదు," అంది నా కళ్ళలోకి చూడకుండా.

పొద్దు వాలుతుండగా ఆ అబద్ధం బయటపడింది. పిన్ని చేతిలో బ్రష్షు ఆగింది. ముఖం బూడిదలా అయింది. ఏళ్ళ అలవాటు, ఒళ్ళు దానంతటదే ముందుకి వంగి అంచుకి అదుముకుంది. పళ్ళు దిగాయి. అయినా వెనక్కి రాలేదు. లోపలి నొప్పి అంతకంటే పెద్దదన్నమాట. స్పృహ తప్పి, బరువంతా ఆ పళ్ళమీద వేసి వాలిపోయింది. తొట్టిలో నీళ్ళు ఎర్రబడ్డాయి.

మేస్త్రీ పరిగెత్తుకొచ్చాడు. "ముందు సీసాలు తియ్యండి! రక్తం పడ్డవి మళ్ళీ కడగాలి!"

నా చేతిలో సీసా ఉండి ఉండాలి. అది మేస్త్రీ నుదుటి మీద పగిలాక గానీ విసిరింది నేనేనని తెలియలేదు. ఆ తర్వాత షెడ్డంతా గాజు వాన. యజమాని మనుషులు కర్రలతో దిగారు. తలమీద కొట్టలేదు, కాళ్ళమీద కొట్టలేదు. ఎక్కడ కొట్టాలో వాళ్ళకి తెలుసు. ఆయమ్మ పొత్తికడుపు పట్టుకుని నీళ్ళలో కూలింది. ఆమెని కొట్టినవాడి మణికట్టు బండక్క పెట్టె కింద నలిగింది.

"పిన్నిని మొయ్యాలి! ఏదైనా తెండి!" అని అరిచాను.

బండక్క గునపంతో దొడ్డి తలుపు పీకింది. తాళం తాళంలాగే ఉంది, తలుపే ఊడి వచ్చింది. దానిమీద పిన్నిని పడుకోబెట్టి వీధిలోకి వచ్చాం. పక్క షెడ్ల ఆడవాళ్ళు బయటికొచ్చారు. తలుపు చూశారు, వేలాడే తాళం చూశారు. ఏమైందని ఒక్కరూ అడగలేదు. వచ్చి తలా ఒక చెయ్యి వేశారు. 

పెద్దాస్పత్రిలో డాక్టరమ్మ పిన్నిని లోపలి మంచం మీదకి మార్పించింది. ఆ గదికి తలుపు లేదు, తెర మాత్రమే. అప్పుడే పోలీసు బూట్లు మెట్లెక్కాయి.

"మేస్త్రీని కొట్టిందెవరు? ఆ పడుకున్నదాన్ని కూడా లాక్కురండి!"

"పరీక్ష అయ్యేదాకా ఎవరూ లోపలికి రారు," అంది డాక్టరమ్మ తెర వెనక నుంచి. "పిల్లలూ, ఆ తలుపు అడ్డం పెట్టండి."

దొడ్డి తలుపు గుమ్మానికి అడ్డం నిలబెట్టాం. అటు నుంచి లాఠీలు. ఇటు నుంచి చేతులు సరిపోలేదు. అప్పుడు బండక్క తన పొత్తికడుపు తలుపుకి ఆనించింది. నేనూ ఆనించాను. లేచొచ్చిన ఆయమ్మా ఆనించింది. పక్క షెడ్ల వాళ్ళు మా వీపులకి ఆనారు. అటు తన్నిన ప్రతి తన్నూ సరిగ్గా నొప్పిలోకి దిగుతోంది. మొదటిసారి నేను దాన్ని దాచుకోవడం లేదు.

వెనక నుంచి డాక్టరమ్మ గొంతు వినిపించింది. "అమ్మా, వింటున్నావా? ఈ నొప్పి ఎన్నాళ్ళ నుంచి?"

"నిన్నటి నుంచే," అంది పిన్ని.

తలుపు చెక్క చిట్లింది. బండక్క నోట్లోంచి రక్తం కారుతోంది. కానీ కదల్లేదు.

పిన్ని తల తిప్పి తెర సందులోంచి మమ్మల్ని చూసినట్టుంది. తర్వాత ఆవిడ గొంతు వచ్చింది, బయట లాఠీలు పట్టుకున్నవాళ్ళకి కూడా వినపడేంత గట్టిగా.

"ఆ బల్ల దగ్గర నిలబడ్డప్పటి నుంచి. రాసుకోండమ్మా. నా ఒక్కదానిదే కాదు. ఆ తలుపుకి ఆనుకున్నవాళ్ళందరిదీ రాయండి."