గుంటలో మోగిన ఫోను

పొద్దున్నే చర్చిలో పూజ చెప్పి, ఆ తర్వాత గ్రీజు మరకల చొక్కా తొడుక్కుని లిఫ్టులు బాగుచేసే ఫాదరుగారంటే పేటంతటికీ ముద్దే. వెక్కిరించేది ఒక్క ఆయన బావే. సొంత అక్క మొగుడు, పనిలోనూ జోడీ.

ఆ పనిలో ఒక కట్టుబాటుంది. లిఫ్టు కింది గుంటలోకి దిగేవాడు మెయిన్ స్విచ్చి ఆపి, దానికి తన తాళం తనే వేసుకుని దిగాలి. ఇంకొకరి మాట నమ్మి దిగకూడదు. ఆ రోజు చర్చిలో, పూజలో పంచే సత్ప్రసాదం దాచే పెట్టె తాళం విరిగితే, ఫాదరుగారు తన తాళమే దానికి వేసి వచ్చేశారు.

"దేవుడికి కాపలా పెట్టొచ్చావా?" అని నవ్వాడు బావ. "దిగవయ్యా బామ్మర్దీ, స్విచ్చి దగ్గర నేను లేనూ?"

దిగారు. బయట పట్టపగలు, గుంటలో మసక. కాసేపటికి గోడకున్న ఫోను మోగింది. లిఫ్టు పెట్టెలోంచి చేస్తే తప్ప అది మోగదు. ఆ పెట్టె పైన ఖాళీగా ఆగి ఉంది. తలుపు తీసి చూసి వచ్చింది ఆయనే.

"ఫాదర్, పాపం చెప్పుకోవాలి."

బావ గొంతే. కాని ముసలిదై, అరిగిపోయి ఉంది. పైగా బావ ఎన్నడూ ఆయన్ని ఫాదర్ అనలేదు.

"ఆటలాపు బావా."

"ఎవరో లిఫ్టు, లిఫ్టు అని పిలుస్తుంటే స్విచ్చి వేసేశా ఫాదర్. కింద మనిషున్నాడని మర్చిపోయా. మా ఆవిడ తమ్ముడే. ఆ తర్వాత ఆవిడ నా మొహం చూడలేదు."

ఆ తమ్ముడు ఫాదరుగారే. అయినా క్షమాపణ అడిగినవాణ్ణి కాదనే హక్కు ఆయనకు లేదు. క్షమాపణ మాటలు చెప్పి, "పోయినవాడి కోసం రోజూ ప్రార్థన చెయ్యి" అని ప్రాయశ్చిత్తం విధించారు. ఫోను ఆగిపోయింది.

అలా చెప్పుకున్న పాపం ఫాదరు గొంతు దాటకూడదు, తన ప్రాణం పోతున్నా సరే. బావా జాగ్రత్త అనడానికి కూడా లేదు. కాని తాళం లేకుండా దిగడం తప్పని ఫోను మోగకముందే మెకానిక్కుగా ఆయనకు తెలుసు కదా. ఆ ఒక్క దారి పట్టుకుని నిచ్చెనెక్కారు.

"ఏం, భయమేసిందా?" అన్నాడు బావ.

"తాళం తెచ్చుకుంటా."

"ఇప్పుడా? సగం పనయ్యాకా?"

"పొద్దున్నే తేవాల్సింది బావా. తెచ్చుకునే దిగుతా."

తెచ్చారు, వేశారు, దిగారు. కాసేపటికి పైన తాళం గడగడా కొట్టుకుంది.

"బామ్మర్దీ, ఉన్నావా?" బావ పైనుంచి అరిచాడు. "ఎవరో పిలిస్తే చెయ్యి దానంతటదే స్విచ్చి మీదికి పోయింది. నీ తాళం అడ్డుపడింది."

బయటికొచ్చి చూస్తే ఆ మేడలో పిలిచినవాళ్లెవరూ లేరు.

చర్చి గడప తొక్కని ఆ బావ మర్నాటి నుంచీ టిఫిను డబ్బా తెరిచే ముందు చేతులు జోడిస్తున్నాడు.

"ఎవరి కోసం బావా?"

"ఏమో. పోయినవాళ్లకి చేసే ప్రార్థనే. కళ్లు మూస్తే నీ పేరే వస్తోంది నోటికి."

మానెయ్యమనడానికి లేదు. విధించింది తనే. ఫాదరుగారు పక్కనే కూర్చుని, ప్రార్థన పూర్తయ్యేదాకా ఆగి, మెల్లగా ఆమెన్ అన్నారు.