తెల్ల గ్లౌజులు, ఒక బోణీ బేరం

గోడలకు బూడిదరంగు వేయించాలి. గుమ్మానికి కట్టిన నిమ్మకాయలూ మిరపకాయలూ తీసేయాలి. లక్ష్మీదేవి పటాన్ని కొనేవాళ్ళ కంటికి ఆనని చోటికి మార్చాలి. రిపేరు బల్లను వెనక గదిలోకి పంపాలి. వచ్చినవాళ్ళను సోఫాలో కూర్చోబెట్టి "మీకేం తీసుకురమ్మంటారు?" అని అడగాలి. ధర ఒక్క రూపాయి కూడా తగ్గించకూడదు. అమ్మే మనిషి తెల్ల గ్లౌజులు వేసుకోవాలి.

ఆ ఆఖరి పనిని నేను.

నేను ఒక తెల్ల గ్లౌజుల జతను. కుడీ ఎడమా అని రెండుగా కనిపిస్తాను గానీ నా మనసు ఒక్కటే. తిరుప్పూరులో ఒక మిల్లులో పుట్టాను. నాతో పుట్టినవాటిలో సగం పెళ్ళి బ్యాండు వాళ్ళ చేతులకు వెళ్ళాయి. నా మణికట్టు మీద మాత్రం వెండిదారంతో 'బెర్నోవాల్' అని కుట్టి, నల్లడబ్బాలో పడుకోబెట్టారు. బ్యాండు వాయించే నా అన్నదమ్ములకూ నాకూ తేడా ఆ కాస్త దారమే. ఆ దారంతోనే నేను సముద్రం దాటకుండా విదేశీ సరుకునైపోయాను.

నన్ను కాకినాడ మెయిన్ రోడ్డులోని గ్రంథి సత్యలింగం గారి వాచీల షాపుకు పంపారు. ఊరికే పంపలేదు, ఆయన చేతనే కొనిపించారు. బెర్నోవాల్ అంటే స్విట్జర్లాండు వాచీ. మొదట చెప్పినవన్నీ ఆ కంపెనీ పెట్టిన షరతులే. ఒక్కోటి ఒక కారు ఖరీదు. ఆయన చిన్నతనంలో పోర్టుకు వచ్చిన ఓడ కెప్టెన్ ఒకడు అలాంటి వాచీని వాళ్ళ నాన్నగారికి రిపేరుకు ఇచ్చాడట. అది చూసిన రోజు నుంచి, ఎప్పటికైనా దాన్ని తన షాపులో పెట్టి అమ్మాలన్నది ఆయన కోరిక. అరవయ్యో ఏట ఆ కోరిక తీరింది. మనుషులకు కోరికలు తీరాకే అసలు పని మొదలవుతుందని నాకు అప్పుడు తెలిసింది.

మొదట్లో కంపెనీ వాళ్ళు కొత్త అల్లుడికి చేసినట్టు మర్యాదలు చేశారు. ఫోనులో "సత్యా సార్" అనేవారు. గోవా తీసుకెళ్ళి విందు ఇచ్చారు. ఏడాది తిరిగేసరికి ఆ పిలుపు "గ్రంథి గారు" అయింది, తర్వాత వట్టి "డీలర్" అయింది. జనం అడిగే మోడల్ రాదు; ఎవరూ అడగని గులాబీ రాళ్ళ మోడల్ మాత్రం పెట్టెలు పెట్టెలుగా వచ్చిపడేది. నెలకోసారి హైదరాబాదు నుంచి ప్రణీత్ అనే ఏరియా మేనేజరు తనిఖీకి వచ్చేవాడు. మంచి కుర్రాడే, కాకపోతే ముక్కు మరీ చురుకు.

"సార్, ఈ అగరబత్తి వాసన ఏంది సార్?"

"దేవుడికి వెలిగించాం బాబూ."

"మా బ్రాండ్‌కు సొంత సెంటు ఉన్నది సార్. షాపుల అదే కొట్టాలె."

బిల్లుల దగ్గర కూర్చున్న మాణిక్యాంబ గారు, సత్యలింగం గారి భార్య, తల ఎత్తకుండా అన్నారు. "దేవుడిక్కూడా అదే కొట్టమంటావేంటి నాయనా?"

ప్రణీత్ నవ్వాడు గానీ, వెళ్ళేముందు గొంతు తగ్గించాడు. "సార్, ఈసారి డీలర్‌షిప్ ఉంచాల్నా తీసెయ్యాల్నా అన్నది ఒక్క రిపోర్టు మీద ఉన్నది. ఎవరో ఒకరు కస్టమర్ లెక్క వచ్చి అన్నీ చూసి పోతరు. ఎవరో నాకు గూడ తెల్వదు. జర పైలం."

ఇక చూడాలి మా షాపు. కరెంటు మీటరు చూడడానికి వచ్చిన మనిషిని కూడా సత్యలింగం గారు సోఫాలో కూర్చోబెట్టి, నన్ను తొడుక్కున్న చేతులు జోడించి, "మీకేం తీసుకురమ్మంటారు?" అన్నారు. అతను హడలిపోయి, "ఏం వద్దండి బాబూ, రీడింగు తీసుకుని ఎల్లిపోతానండి" అన్నాడు.

ఆయన కంపెనీ నిబంధనలన్నీ మింగారు. సొంత నియమం ఒక్కటి మాత్రం వదులుకోలేదు. పొద్దున్న తలుపు తీశాక వచ్చిన మొదటి మనిషి ఏదో ఒకటి కొనకుండా వెళ్ళకూడదు.

ఒక సోమవారం, షట్టరు ఎత్తీ ఎత్తగానే ఒకావిడ వచ్చింది. నేతచీర, భుజాన పెద్ద సంచీ. సంచీ అంచున ఫోను కన్ను మాత్రం బయటికి చూస్తోంది. అడిగే ప్రశ్నలు పాఠం అప్పజెప్పినట్టు వరసగా ఉన్నాయి. చేతికి వాచీ ఉండి కూడా టైము గోడ గడియారంలో చూసుకుంది. మాణిక్యాంబ గారు భర్త పక్కకు జరిగి, "ఏవండీ, ఈవిడే" అని గొణిగారు. ఆయనకూ తెలిసిపోయింది. లోపల వేళ్ళు చల్లబడడం నాకు తెలిసింది.

"ఎంత వరకు తగ్గిస్తారండీ?"

"కంపెనీ ధరేనమ్మా. తగ్గించకూడదు."

"పొద్దున్నే బోణీ బేరం. ఒట్టినే పంపేస్తారా?"

"తగ్గించడం నా చేతుల్లో లేదమ్మా."

నిజమే. ఆయన చేతులు నాలో ఉన్నాయి.

"సర్లెండి, ఆలోచించుకుని వస్తాను." ఆవిడ లేచింది. ఆ పరీక్షలో మా షాపు అన్నిట్లోనూ గెలిచినట్టే. పోనివ్వండని మాణిక్యాంబ గారు కళ్ళతో చెప్పారు. ఆవిడ గుమ్మం దాకా వెళ్ళింది.

"అమ్మా, ఒక్క నిమిషం," అన్నారు సత్యలింగం గారు. "మీరు కొనడానికి రాలేదని తెలుసు. ఉద్యోగం మీది, తప్పేముంది? కానీ బోణీ కదా. ఆ చేతి వాచీ ఆగిపోయినట్టుంది, ఇలా ఇవ్వండి. సెల్లు వేసిస్తాను."

ఆవిడ మొహం ఎర్రబడింది. "ఎన్నాళ్ళనుంచో వేయిద్దామనే అనుకుంటున్నానండీ..." అంటూ విప్పి ఇచ్చింది.

వెనక బల్ల దాకా పోతే ఎక్కడ మనసు మార్చుకుంటుందోనని, ఆయన ఆ బెర్నోవాల్ అద్దాల కౌంటరు మీదే, నన్ను విప్పడం కూడా మరిచి, మూత తీశారు. చెమట, కొబ్బరినూనె, బస్సు దుమ్ము అన్నీ కలిసిన నల్లటి జిడ్డు నా చూపుడువేలికి అంటింది. వేరే కంపెనీ వాచీని నేను ముట్టుకోకూడదు. అది పెద్ద నిబంధన. సిగ్గుపడాల్సింది. నాకేమో సరదా వేసింది. ముల్లు కదలగానే ఆవిడ డబ్బులిచ్చింది. ఆయన కళ్ళకద్దుకున్నారు.

"నేను చూసింది చూసినట్టు రాయాలండీ," అందావిడ మెల్లగా.

"రాయండమ్మా. అబద్ధం రాయమంటామా?"

రాసింది. వారం తిరక్కుండా ప్రణీత్ వ్యానుతో దిగాడు. "బ్రాండ్ గౌరవం దెబ్బతిన్నదంటున్నరు సార్ పైనోళ్ళు."

"సెల్లు వేస్తేనా?" అన్నారు మాణిక్యాంబ గారు.

అతను నేల చూశాడు. "నిజం చెప్పాల్నంటే మేడమ్, వైజాగ్ మాల్‌ల కంపెనీ సొంత షాపు పెడుతున్నది. ఏదో ఒక వంక కావాలె."

"ఆ ముక్క ముందే చెప్తే, ఆయన ఇన్నాళ్ళు మీటరు కుర్రాడికి దండాలు పెట్టేవారు కాదుగా!"

వాచీలన్నీ పెట్టెల్లోకి వెళ్ళాయి. ఆఖరిది అందించేముందు సత్యలింగం గారు నన్ను విప్పి కౌంటరు మీద పెట్టారు. అన్నాళ్ళుగా అమ్ముతున్నా, ఒట్టి చేత్తో ఆ వాచీని తాకడం అదే మొదలు. అరచేతిలో పెట్టుకుని బొటనవేలితో వెనక నిమిరారు. తర్వాత చెవికి ఆనించుకున్నారు.

"సార్, గ్లౌజులు లేకుండ..." అన్నాడు ప్రణీత్.

"ఆగు నాయనా," అన్నారు మాణిక్యాంబ గారు. ఈసారి గొంతులో వెటకారం లేదు. "ఆయన్ని విననీ."

ప్రణీత్ ఆగాడు. నేను ఖాళీగా పడి ఉండి చూశాను.

నా డబ్బు ఆయనే కట్టారు కనక నన్నెవరూ తీసుకుపోలేదు. ఇప్పుడు నేను మాణిక్యాంబ గారి వంటింట్లో ఇడ్లీపాత్రలు దింపుతున్నాను. వెండిదారం ఊడిపోయింది, ఇంక బ్యాండువాళ్ళ చేతుల్లో ఉన్నా ఎవరూ గుర్తుపట్టరు. నాకు ఏ చింతా లేదు. ఒక్కటే మనవి. ఏ పెద్ద షాపులోనైనా తెల్ల గ్లౌజులు వేసుకున్న మనిషి మీకు వాచీ తీసి చూపిస్తే, తనకెంతో ఇష్టమైన వస్తువును అన్నాళ్ళూ గుడ్డ అడ్డం పెట్టుకునే పట్టుకున్న గ్రంథి సత్యలింగం గారిని ఒక్కసారి తలుచుకోండి.