మాణిక్యం సప్లై వారి ల్యాప్‌టాప్

రామచంద్రపురంలో ఏ పెళ్లికి వెళ్లినా మాణిక్యం సప్లై కంపెనీ అద్దె సామాను కనిపిస్తుంది. కనిపించడమేంటి, చదువుకోవచ్చు కూడా. గుండిగ వీపున, కుర్చీ వెనక, గరిటె కాడ మీద, ఆఖరికి చేతులు కడుక్కునే మగ్గు అడుగున కూడా ఎర్ర పెయింటుతో "మాణిక్యం సప్లై" అని రాసి ఉంటుంది. పేరు లేని సామాను ఎవరి బండెక్కి ఎవరింటికి చేరుతుందో దేవుడికి కూడా తెలీదంటుంది కంపెనీ యజమానురాలు రత్నమాణిక్యం.

అలాంటావిడ కిందటేడు కాకినాడ వెళ్లి ఒక ప్రొజెక్టరూ, దానికి జతగా ఒకరు వాడి వదిలేసిన ల్యాప్‌టాప్పూ కొనుక్కొచ్చింది. ఫంక్షన్లలో తెర మీద ఫొటోలు వేయించుకోవడం అప్పుడప్పుడే ఊళ్లోకి వస్తోంది. షామియానా చిరుగుతుంది, కుర్చీ కాలు విరుగుతుంది, తెర మీద వెలుతురు మాత్రం అరగదు, విరగదు, ఎన్నిసార్లు అద్దెకిచ్చినా అంతే ఉంటుందని ఆవిడ లెక్క.

ఆ లెక్కలో ఆవిడ కలుపుకోనిది ఒక్క మొగుణ్ణే. వీరభద్రరాజు భీమవరం దగ్గర చేపల చెరువుల లీజు వదిలేసుకుని వచ్చాక మధ్యాహ్నాలు గడవక ఆ పెట్టె ముందు కూర్చునేవాడు. ఇంటర్నెట్‌లో ఎక్కడ "ఫ్రీ" అని కనిపిస్తే అక్కడ నొక్కేవాడు. ఫ్రీ పేకాట, ఫ్రీ జాతకం, తెర మీద ఈదే ఫ్రీ చేపలు. ఏడాది తిరిగేసరికి ఆ పెట్టె ఆన్ చేస్తే అన్నం వార్చి వచ్చినా తెరుచుకునేది కాదు.

అది సరిగ్గా హైమవతి ముందు బయటపడింది.

హైమవతి రాజమండ్రి కాలేజీలో లెక్చరరు. వాళ్ల నాన్నగారు సూర్యనారాయణమూర్తి పోస్టుమాస్టరుగా చేసి రిటైరైన మనిషి. మర్నాడు సాయంత్రం ఆయన షష్టిపూర్తి. ఆయన చిన్ననాటి నుంచి దొరికిన ఫొటోలన్నీ పోగుచేసి, తెర మీద చూపించమని ఇక్కడే ఇచ్చింది. ఒకసారి ట్రయల్ చూద్దామని వచ్చింది.

మొదటి ఫొటోలో తలపాగా వచ్చింది. కాసేపటికి మొహం వచ్చింది. మెడ దగ్గర ఆగిపోయింది.

"ఏంటండీ ఇది, నాన్నగారు నడుము దాకా రావడానికే భోజనాలు అయిపోయేట్టున్నాయి," అంది హైమవతి.

"వేడెక్కిందండి," అన్నాడు వీరభద్రరాజు.

"నేనూ వేడెక్కుతున్నానండి. రేపు పొద్దున్నకి ఇది నడిచిందా సరే. లేదంటే కాకినాడ సప్లై వాళ్లకి ఫోన్ చేస్తాను. ఏమీ అనుకోకండి రత్నమాణిక్యం గారూ."

అనుకోకుండా ఎలా ఉంటుంది? ఇది ప్రొజెక్టరుకి వచ్చిన మొదటి పెద్ద బేరం. ఆ హాల్లో కూర్చునే వాళ్లలో పెళ్లీడు పిల్లలున్న తల్లిదండ్రులు ఎంతమందో! రేపు తెర వెలిగితే మాఘమాసం అంతా బేరాలే. వెలగకపోతే కాకినాడ వాడు ప్రొజెక్టరుతో ఆగడు, వెనకాలే కుర్చీలూ తెస్తాడు, గుండిగలూ తెస్తాడు.

కాకినాడలో పెట్టె అమ్మిన వాడికి ఫోన్ చేస్తే, పాతదంతా తుడిచేసి కొత్త విండోస్ కొని వెయ్యాలి, అన్నీ కలిపి అయిదు వేలవుతుందన్నాడు.

"ఇచ్చేద్దామండి మాణిక్యం గారూ," అన్నాడు వీరభద్రరాజు. భార్యనైనా గారు లేకుండా పిలవని ఇల్లు వాళ్లది.

"మీరు ఫ్రీగా తెచ్చిన చేపల ఖరీదండి అది. చెరువులో కూడా అంత తినలేదు అవి," అని ఆవిడ పెట్టె చంకన పెట్టుకుని వీధి చివర శశిభూషణ్ నెట్ సెంటరుకి నడిచింది.

శశిభూషణ్ చూసి నవ్వాడు. "మీ గోడౌన్ నిండా విరిగిన కుర్చీలు కుక్కితే మంచి కుర్చీ బయటికి ఎలా వస్తుందండి? ఇదీ అంతే. ముందు ఫొటోలు సీడీలోకి తీసి పక్కన పెడతాను. తర్వాత మొత్తం ఖాళీ చేసి విండోస్ మళ్లీ మొదటి నుంచి వేస్తాను."

"సామాను బయటపెట్టి ఇంటికి సున్నం వెయ్యడం అన్నమాట. మరి విండోస్ కొనాలని కాకినాడ వాడు చెప్పిన ఆ అయిదు వేలు?"

"ఎందుకండి? పెట్టె కొన్నప్పుడే దాని విండోస్‌కి డబ్బు కట్టేసి ఉంటారు. అడుగున చీటీ ఉంటుంది, దాని మీద పొడుగాటి నంబరు ఉంటుంది. అది కొడితే చాలు. కంపెనీ సీడీ నా దగ్గరుంది. నా చేతి కూలీ రెండొందలు ఇవ్వండి."

ఒకసారి కొన్నదానికి మళ్లీ కొనక్కర్లేదన్న మాట రత్నమాణిక్యానికి మంత్రంలా వినిపించింది. గబుక్కున పెట్టె బోర్లించింది.

అడుగున చీటీ ఉంది. దాని మీద, ఈ కొస నుంచి ఆ కొస దాకా, దిట్టమైన ఎర్ర అక్షరాల్లో "మాణిక్యం సప్లై".

ముందు శశిభూషణ్‌కి అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వాపుకోలేక కుర్చీలో వెనక్కి వాలాడు. ఆవిడకి మాత్రం నవ్వు రాలేదు. మూడొంతుల నంబరు తన పేరు కిందే ఉంది. తన పేరే తనకి అడ్డం పడింది.

"కిరసనాయిలు పెట్టి తుడిస్తే?"

"అమ్మో, పెయింటుతో పాటు కింద అచ్చు కూడా లేచిపోతుందండి. అప్పుడు ఆ అయిదు వేలు ఖాయం."

రాసిన చిట్టియ్యకి కబురు వెళ్లింది. సామాను మీద పేర్లు రాయడం ఏళ్ల తరబడి అతని పనే. బ్రష్షు చెవి మీద పెట్టుకుని, ఏం తప్పు జరిగిందోనని బిక్కుబిక్కుమంటూ వచ్చాడు.

"ఏరా చిట్టియ్యా, ఇంత పెట్టెలో నీకు ఈ చీటీయే దొరికిందా? పక్కన బోలెడు నున్నటి జాగా ఉందిగా!"

"నలుపు మీద ఎరుపు కనపడదండి అమ్మగారూ. ఇక్కడైతే అడుగు లేతగా ఉంది, అక్షరం తేటగా పడుద్దని రాశానండి."

"తేటగానే పడింది! ఇప్పుడు ఆ అక్షరం ఖరీదు అయిదు వేలు. నీ కూలీలో కోసుకోనా?"

"కోసుకోవడం ఎందుకండి, ఊడదీసేస్తే పోలేదా?" అన్నాడు చిట్టియ్య.

"ఎలా ఊడుతుందిరా?"

చిట్టియ్య వంగి, చీటీ మూల గోటితో గిల్లాడు. పల్చటి ప్లాస్టిక్ టేపు ఒకటి పైకి లేచింది. దాంతో పాటే "మాణిక్యం" లేచింది, "సప్లై" లేచింది. కింద చీటీ కొత్త పెళ్లికూతురి మొహంలా మెరిసింది. ఒక్క అంకె చెదరలేదు.

"టేపు వేసి రాశావా! ఎందుకు?"

చిట్టియ్య తల గోక్కున్నాడు. "ముహూర్తాల్లో వేరే కంపెనీల నుంచి అద్దెకి తెచ్చిన సామానుకి అలాగే కదండి రాస్తాం, తిరిగిచ్చేటప్పుడు పీకేయడానికి. ఇదీ అద్దెకి తెచ్చారనుకున్నానండి."

"అద్దెకని నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదండి. ఇంత ఖరీదు పెట్టి మీరు కొంటారంటే..." అని ఆగిపోయాడు.

శశిభూషణ్ నవ్వకూడదని పెదవి కొరుక్కున్నాడు. అంతలో గుమ్మం దగ్గర నుంచి పెద్ద నవ్వు వినిపించింది. వెనకాలే వచ్చిన వీరభద్రరాజు అంతా విన్నాడు.

"విన్నారా మాణిక్యం గారూ! మీ పిసినారితనానికి ఊళ్లో ఉన్న పేరు మనకి అయిదు వేలు మిగిల్చిందండి!"

ఆవిడ కోపంగా చూద్దామనుకుంది. చూపు కుదరలేదు. నవ్వొచ్చేసింది. పొట్ట పట్టుకుని, కళ్ల నీళ్లొచ్చేదాకా నవ్వింది. "ఆయ్, మంచి పేరేనండి. ఇన్నాళ్లూ దాచినందుకు వడ్డీ వచ్చింది," అంది.

సాయంత్రానికల్లా పెట్టె ఖాళీ అయి మళ్లీ నిండింది. పేకాట పోయింది, జాతకం పోయింది, చేపలు పోయాయి. ఇప్పుడు ఆన్ చేస్తే స్విచ్చేసిన బల్బులా వెలుగుతోంది. పొద్దున్నే హైమవతి వచ్చి చూసి, కాకినాడ వాళ్ల నంబరున్న కాయితం ఉండ చుట్టి అక్కడే పారేసింది.

షష్టిపూర్తి హాల్లో తెర మీద సూర్యనారాయణమూర్తి గారు తలపాగా నుంచి పాదాల దాకా ఒక్క క్షణంలో ప్రత్యక్షమయ్యారు. తండ్రి సైకిలు ముందు కడ్డీ మీద కూర్చున్న నిక్కరు పిల్లాడు, ఖాకీ చొక్కాలో కొత్త ఉద్యోగి, పక్కన తల వంచుకున్న పెళ్లికూతురు. ఆ ఫొటో రాగానే అరవయ్యేళ్ల పెళ్లికొడుకు పక్కకి వంగి భార్య చెవిలో ఏదో అన్నాడు. ఆవిడ అప్పటిలాగే తల వంచుకుంది. హాలంతా చప్పట్లు. భోజనాలు పూర్తయ్యేలోపే నాలుగు పెళ్లిళ్ల వాళ్లు రత్నమాణిక్యాన్ని పట్టుకుని తేదీలు అడిగారు.

మర్నాడు ఆవిడ చిట్టియ్యకి కూలీ పైన కొత్త పంచె కూడా పెట్టి, ల్యాప్‌టాప్ ముందుంచింది. "మూత మీద రాయి. ఈసారి తెల్ల పెయింటుతో."

"టేపు వద్దు కదండి? సొంత సామానే కదా!" అని బ్రష్షు ముంచాడు చిట్టియ్య.

ఆవిడ అవునందామనుకుంది. బోణీ కొట్టిన పెట్టె వంక మురిపెంగా చూసుకుంది. నాలుగు పెళ్లిళ్లు లెక్కవేసింది, వాటి తర్వాత వచ్చేవి లెక్కవేసింది, ఆ డబ్బుతో కొనబోయే కొత్త పెట్టెను లెక్కవేసింది.

"టేపు వేసే రాయి," అంది. "రేపు దీన్ని అమ్మాలంటే, పేరుతో కలిపి ఎవడు కొంటాడు?"