నిన్నటి పేజీ

పొద్దున రాగానే మహేశ్వరి ముందు చూసేది ముసలమ్మ ముఖం కాదు, పొట్ట. దుప్పటి కింద అది పైకి లేచి కిందికి దిగిందంటే ఆ రోజుకు గండం గడిచినట్టే. ఇవాళ అది కాస్త ఆలస్యంగా లేచింది. అప్పటిదాకా మహేశ్వరి మంచం పక్కనే కదలకుండా నిలబడింది.

"ఏందే, గట్ల నిలవడ్డవ్? నీళ్లు కాగినయా?" అంది వాసవాంబ కళ్లు మూసుకునే. కళ్లు తెరిచినా ఆమెకు వెలుతురు తెలుస్తుంది గానీ మనిషి కనబడదు.

పాతబస్తీ ఛత్రినాకలో కింద పప్పుల దుకాణం, పైన ఇల్లు. దుకాణం కొడుకు పురుషోత్తం చూసుకుంటాడు, ఇల్లు కోడలు చూసుకుంటుంది, వాసవాంబను చూసుకోవడానికి ఉప్పుగూడ నుంచి ఇరవై ఏళ్ల మహేశ్వరి వస్తుంది. ఒళ్లు తుడవాలి, జడ అల్లాలి, గోళ్లు తీయాలి, బయటికి తీస్తే కూసే వినికిడి మిషను చెవిలో సర్దాలి, జావ తాగించాలి. ఎనభై దాటిన ఆ ఒంట్లో బరువంతా ఎముకలదే. వీపు రుద్దుతుంటే చర్మం తడిగుడ్డకు అంటుకుని వచ్చేస్తుందేమోనని మహేశ్వరికి రోజూ భయమే.

భోజనాలయ్యాక పుస్తకం. పుస్తకమంటే అచ్చంగా పుస్తకం కాదు, వాసవాంబ కొత్తకోడలిగా ఉన్నప్పుడు ఒక వారపత్రికలో సుభద్ర అనే పిల్ల గురించి వచ్చిన సీరియల్. ఆ ఇంట్లో ఆడది పత్రిక పట్టుకుంటే కొంపలు మునిగినట్టే. "తర్వాత చదువుకుందువులే" అని భర్త వారం వారం కాగితాలు చించి దాచి, బైండు చేయించి ఇచ్చాడు. ఆ "తర్వాత" అనేది పిల్లలకూ పండగలకూ పప్పులు చెరగడానికీ సరిపోయింది. తీరిక దొరికేసరికి చూపు పోయింది.

మహేశ్వరి ఎనిమిదిలో బడి మానేసిన పిల్ల. మొదట్లో ఒక్క పేరా దాటడానికి మధ్యాహ్నమంతా పట్టేది. వాసవాంబ వదల్లేదు. ఒత్తులు మింగితే తొడ మీద గిల్లేది. రెండేళ్లు తిరిగేసరికి మహేశ్వరి బస్సు బోర్డుల నుంచి పొట్లాల కాగితాల దాకా దేన్నీ వదలకుండా చదివే మనిషైంది. మొన్న ఓపెన్ స్కూల్లో పదో తరగతికి పేరు కూడా రాయించుకుంది. "సదువకముందు కాకరకాయ, సదివినంక కీకరకాయ" అని వాళ్లమ్మ ఎగతాళి చేసింది గానీ ఆ మాట అంటున్నప్పుడు ఆమె ముఖం వెలిగిపోతూనే ఉంది.

అంతా బాగానే ఉండేది, ఆ మొక్కు సంగతి తెలియకపోతే. పోయిన నెల వాసవాంబే బయటపెట్టింది. "గీ కథ మొత్తం వినేదాంక నన్ను తీస్కపోకు తల్లీ అని అమ్మవారికి మొక్కిన. అయినంక నాకేం ఫికర్ లేదు, నీ ఇష్టం అన్న."

ఆమె నవ్వుతూనే అంది. మహేశ్వరికి నవ్వు రాలేదు. అప్పటి నుంచి పేజీలు తరుగుతుంటే ముసలమ్మ ఆయువే తరుగుతున్నట్టు అనిపించేది. తను చదివితే వినే మనిషి లోకంలో ఈమె ఒక్కతే. అందుకే ముందురోజు చదివిన పేజీనే మర్నాడు మళ్లీ చదవడం మొదలుపెట్టింది. వాసవాంబ ఇన్నాళ్లూ మగతలో కనిపెట్టలేదో, కనిపెట్టీ ఊరుకుందో.

ఇవాళ ఊరుకోలేదు.

"ఆగు. సుభద్ర పెట్టె సర్దుకున్నది నిన్ననే విన్న. స్టేషన్‌కు గూడ వచ్చింది. ముందటికి పో."

"నిన్న మీరు పండుకున్నరమ్మా."

"నేను పండుకోలె." ముసలమ్మ చెయ్యి గాలిలో వెతికి మహేశ్వరి మణికట్టు పట్టుకుంది. ఆ వేళ్లు చల్లగా ఉన్నాయి. "ఇంట్ల అందరు వద్దన్నా ఆ పిల్ల పట్నం పోయి సదువుకుంటనంటది. రైలొచ్చి నిలవడ్డది. ఎక్కిందా లేదా? గదొక్కటి చెప్పు."

మహేశ్వరికి తెలుసు. ఆఖరి పేజీ ఎప్పుడో చాటుగా చదివేసింది. చెబితే కథ అయిపోతుంది.

"రేపు సదువుతనమ్మా. ఇయ్యాల గొంతు బాగలేదు."

"రేపా..." అంది వాసవాంబ. "ఆయన గూడ గట్లనే అనెటోడు, తర్వాత అని" అంది. ఆ గొంతులో కోపం కూడా లేదు.

మహేశ్వరికి కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా పుస్తకం మూసేసింది. బతికుంటే చాలు, ఏమనుకుంటే అనుకోనీ అనుకుంటూ చాయ్ పెట్టడానికి వంటింట్లోకి వెళ్లింది.

కప్పు పట్టుకుని వచ్చేసరికి వాసవాంబ పెదవి మీద ఈగ నడుస్తోంది. మహేశ్వరి ఆమె పొట్ట వైపు చూసింది. చూస్తూనే ఉంది. దుప్పటి లేవలేదు.

ఆమె అరుపుకు కోడలు పరుగెత్తుకొచ్చింది. పురుషోత్తం దుకాణం షట్టరు దించి పైకి వచ్చి తల్లి పాదాలు పట్టుకుని కూలబడ్డాడు. "పుణ్యాత్మురాలు, కష్టపడకుండ పోయింది" అన్నారు చుట్టుపక్కలవాళ్లు. కోడలు ఏడుస్తూనే అత్తగారి చేతి గాజులు, చెవిలో వినికిడి మిషను తీసి దిండు మీద పెట్టింది.

మహేశ్వరి వాళ్లను తోసుకుని ముందుకొచ్చింది. ఎవరేమనుకుంటారో చూడకుండా వంగి, చల్లబడుతున్న చెవికి నోరు ఆనించింది.

"ఎక్కిందమ్మా. సుభద్ర రైలెక్కింది. ఎన్కకు తిరిగి గూడ చూడలే."

దిండు మీద వినికిడి మిషను, ఆపాలని ఎవరికీ తోచక, సన్నగా కూస్తూనే ఉంది.